ఆ అంకె ఎక్కడ పుట్టింది?

మా సోషియాలజీ విభాగంలో పరిశోధనకు చేరే పిల్లల్లో చాలామంది బాల్య వివాహాల మీద పనిచేస్తామంటారు. ఇంట్లోనో, వాడలోనో కళ్లారా చూసి వచ్చినవాళ్లు. అందుకే వాళ్ల అధ్యాయాలు చదివేటప్పుడు అక్షరం వదలను. అంకె కనిపిస్తే చాలు, కింద పెన్సిలు గీత గీసి “ఇది ఎక్కడిదమ్మా?” అంటాను. “పేపర్లో వచ్చింది మేడమ్”, “సీనియర్ థీసిస్‌లో ఉంది మేడమ్” అంటారు. మరి పేపరువాళ్లు ఎక్కడినుంచి తెచ్చారు? ఆ సీనియర్ ఎవరిని అడిగారు? అక్కడిదాకా వెళ్లి చూడకుండా ఆ అంకెను థీసిస్‌లోకి రానివ్వను.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. అదే జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక తీస్తే, బాల్య వివాహాల నిషేధ చట్టం కింద 2021లో దేశం మొత్తం మీద నమోదైన కేసులు వెయ్యి పైచిలుకే. రెండూ ప్రభుత్వానివే, రెండూ నమ్మదగినవే. సర్వే అంకె ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను అడిగితే వచ్చింది. బ్యూరో అంకె స్టేషన్‌లో కేసు రాస్తేనే పుడుతుంది. ఎవరూ ఫిర్యాదు చేయని పెళ్లి దానికి కనిపించదు. పైగా కేసులు పెరిగితే పెళ్లిళ్లు పెరిగాయని కూడా చెప్పలేం. ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగి ఉండొచ్చు, అధికారులు చురుగ్గా కదిలి ఉండొచ్చు. చట్టం ఏమేరకు పనిచేస్తోందో తెలుసుకోవాలంటే బ్యూరో నివేదికే కావాలి. పెళ్లిళ్లు ఎంతమేర జరుగుతున్నాయన్నది మాత్రం దాన్ని అడగకూడదు.

సర్వేనైనా అట్ట చూసి వాడుకోకూడదు. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో 6 లక్షలకు పైగా ఇళ్లలో జరిగిన సర్వే అది. అట్ట మీద 2019-21 అని ఉంటుంది. అది చూసి కరోనా కాలంలో మన దగ్గర ఇన్ని బాల్య వివాహాలు జరిగాయని రాసేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకోవడం 2019లోనే ముగిసింది. అప్పటికి కరోనా లేదు. పైగా అప్పుడు 20-24 ఏళ్లున్న స్త్రీలంటే సుమారు 2012-17 మధ్య 18 నిండినవాళ్లు. వాళ్లు చెప్పిన చిన్ననాటి పెళ్లిళ్లు అంతకుముందువి. కరోనా ఏం చేసిందో ఈ అంకె చెప్పలేదు, ఎంత అడిగినా చెప్పలేదు.

జిల్లా పట్టికల దగ్గర ఇంకా నిదానించాలి. కొన్ని అంకెలు బ్రాకెట్లలో ఉంటాయి. 25 నుంచి 49 మంది జవాబుల మీదే అవి నిలబడ్డాయని అర్థం. 25 మంది కూడా దొరక్కపోతే అంకెకు బదులు నక్షత్రం గుర్తు వేస్తారు. ఆ సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. విద్యార్థుల చేత ముందు దాన్నే చదివిస్తాను. పట్టిక తర్వాత.

పాత పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది. కులాల గురించి రాయాలంటే ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో కె. రంగాచారి సాయంతో వేసిన ఏడు సంపుటాలు తిరగేయక తప్పదు. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన కాలపు వలస అధికారి మనల్ని ఎలా చూశాడో చెప్పడానికి అవి గొప్ప ఆధారం. ఒక కులం ఈరోజు ఎలా బతుకుతోందో చెప్పడానికి వాటిని సాక్ష్యానికి పిలవకూడదు. వికీపీడియాను తలుపులా వాడుకుని, కింద ఇచ్చిన మూలాలకు వెళ్తే మంచిదే. డబ్బు కట్టిన వారంలోనే వ్యాసం అచ్చేసే జర్నల్స్‌ను మాత్రం ముట్టుకోనివ్వను.

చివరికి ఊళ్లోకి వెళ్లాలి. అక్కడి కాగితాన్నీ ప్రశ్నించాలి. బడి రిజిస్టరు తీస్తే ఒకే తరగతిలో ఎందరో జూన్‌లోనే పుట్టినట్టు ఉంటుంది. బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు అందాజుగా వేసిన తేదీలవి. పెళ్లినాటికి అమ్మాయికి పదిహేడా, పద్దెనిమిదా అన్నది ఆ తేదీ మీదే ఆధారపడి ఉన్నప్పుడు, వాళ్లమ్మ దగ్గర కూర్చుని అడగాలి: పెద్దబ్బాయి పుట్టిన ఎన్నేళ్లకు పుట్టింది, ఏ పండగకు అటూ ఇటూ, ఆ ఏడు పంట ఎలా ఉంది? ఆమె మాటా రాసుకోవాలి, రిజిస్టరు తేదీ కూడా రాసుకోవాలి. రెండూ కలవకపోతే కలవలేదనే థీసిస్‌లో రాయాలి.