బరువు తగ్గాలంటే ముందు మనసు తేలికపడాలి

1961లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణికి సూపర్‌మార్కెట్‌లో తెలిసినావిడ ఒకరు ఎదురైంది. చాలా బాగున్నావని మెచ్చుకుని, కాన్పు ఎప్పుడని అడిగింది. జీన్ గర్భవతి కాదు. అప్పటికామె బరువు 97 కిలోలు.

ఆ మాట గుచ్చుకుని నగర ఆరోగ్య శాఖ వారి ఊబకాయం క్లినిక్‌లో చేరింది. డైట్ పాటిస్తే బరువు తగ్గసాగింది. కానీ చాటుగా చాక్లెట్ బిస్కెట్లు తినడం మానలేకపోయింది. అక్కడ ఆ సంగతి చెప్పడానికి నోరూ రాలేదు. చివరికి ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వాళ్లూ తమ దొంగతిళ్లు బయటపెట్టారు. వారం వారం కలవడం మొదలైంది. 1962 అక్టోబరుకు జీన్ 64 కిలోలకు దిగింది. మరుసటేడు ఆ కలయికల నుంచే, బరువు తగ్గాలనుకునేవారి కోసం వెయిట్ వాచర్స్ సంస్థ పుట్టింది. డైట్ కాగితం మొదట్నుంచీ అదే. కొత్తగా దొరికిందల్లా సిగ్గుపడకుండా చెప్పుకునే చోటు.

సిగ్గు అంత చేటు ఎందుకు చేస్తుందో 2007లో క్లేర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనే పరిశోధకుల ప్రయోగం చూపించింది. కాలేజీ అమ్మాయిలకు ముందు డోనట్ తినిపించారు. ఇలాంటివి అందరూ తింటారు, మిమ్మల్ని మీరు తిట్టుకోకండని కొందరికి మాత్రం నచ్చజెప్పారు. తర్వాత రుచి చూడమంటూ మిఠాయి గిన్నెలు ముందు పెట్టారు. తిండి దగ్గర ఎప్పుడూ కట్టడిగా ఉండే అమ్మాయిల్లో ఆ ఓదార్పు మాట విన్నవాళ్లు తక్కువ తిన్నారు, విననివాళ్లు ఎక్కువ తిన్నారు. "ఎలాగూ తినేశాం, రేపట్నుంచి చూద్దాంలే" అనే మాట మన ఇళ్లలోనూ తెలిసిందే. తిన్నానన్న బాధ మరవడానికి మళ్లీ తిండే దిక్కవుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. వీళ్లలో థైరాయిడ్, పీసీఓఎస్ ఉన్నవారున్నారు, కాన్పు తర్వాత పెరిగిన బరువు దిగనివారున్నారు. అయినా పెళ్లి పందిట్లో "ఏంటే, ఇంత ఒళ్లు చేశావ్?" అనేవాళ్లకు కొదవ లేదు. ప్రేమతో అన్నా సరే, ఆ మాట మేలు చెయ్యదు. విన్నావిడ ఫొటోల్లో వెనక్కి జరుగుతుంది, ఎవరైనా చూస్తారని వాకింగ్ మానేస్తుంది.

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పినదాని ప్రకారం ఆత్మవిశ్వాసానికి అన్నిటికన్నా గట్టి పునాది స్వయంగా సాధించిన పని. అందుకే నెలకు పది కిలోలనే పంతం కన్నా, రాత్రి భోజనంలో ఒక గరిటె అన్నం తగ్గించి కూర పెంచడం, రోజూ ఇరవై నిమిషాలు నడవడం మెరుగు. వారం నిలబడితే రెండో వారానికి ధైర్యం వస్తుంది.

దాక్కుని ఆపలేనంతగా తినడం, తిన్నది కక్కేయడం అలవాటైతే మాత్రం అది వైద్యం కావలసిన సమస్య. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.