ఒక్క చీర, ఇద్దరు కస్టమర్లు: ఓఆర్ఎమ్‌కి కొత్త డేటాబేస్ సపోర్ట్ ఎలా రాస్తారు?

ఈ ఎపిసోడ్‌లో కొంచెం లోపలికి వెళ్దాం. మనం రోజూ వాడే ఓఆర్ఎమ్ ఒక్కో డేటాబేస్‌తో ఎలా మాట్లాడుతుంది, అందులోకి ఒక కొత్త డేటాబేస్‌కి సపోర్ట్ చేర్చాలంటే ఏం చేయాలి, అందులో ఎక్కడ దెబ్బ తింటాం అనేది చూద్దాం. కోడింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళు కూడా కూర్చోండి, అర్థమయ్యేలాగే చెప్తాను.

ముందు రెండు ముక్కల్లో ఓఆర్ఎమ్ అంటే ఏంటో చెప్పేస్తా. ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. మీరు పైథాన్‌లో ఒక క్లాస్ రాస్తారు, అది డేటాబేస్‌లో ఒక టేబుల్ అవుతుంది. ఒక్కో ఆబ్జెక్ట్ ఒక్కో వరుస. ఎస్‌క్యూఎల్ మీరు రాయరు, ఆ లైబ్రరీ రాస్తుంది. జాంగోలో ఉన్న ఓఆర్ఎమ్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ, జావా వాళ్ళ హైబర్నేట్, అన్నీ ఇదే పని చేస్తాయి. "కోడ్ ఒకటే రాయండి, కింద ఏ డేటాబేస్ ఉన్నా నడుస్తుంది" అనేది వాటి మాట. ఆ మాట చాలావరకు నిజమే. పూర్తిగా కాదు. ఎక్కడ కాదో ఇప్పుడు చూద్దాం.

ఉప్పాడ చీర ఉదాహరణ

మన కాకినాడ పక్కనే ఉప్పాడ ఉంది కదా. అక్కడి జామ్దానీ చీరలకి 2009లో జీఐ ట్యాగ్ వచ్చింది. జామ్దానీలో బుటాని తర్వాత కుట్టరు, ముద్రించరు. మగ్గం మీదే, అదనపు పేక పోగుతో, చేత్తో నేస్తారు. డిజైన్‌ని బట్టి ఒక్క చీరకి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు కూడా. అందుకే స్టాక్ అంటే చాలాసార్లు ఒక్కటే పీసు. టీషర్ట్ లాగా "అదే ఇంకోటి పంపిస్తాం" అనడానికి ఉండదు.

ఇప్పుడు అక్కడ ఒక మాస్టర్ వీవర్ కోసం మీరు యాప్ చేశారనుకుందాం. హైదరాబాద్‌లో ఒకావిడ, డాలస్‌లో ఇంకొకావిడ, ఒకే చీర మీద ఒకే క్షణంలో "కొను" నొక్కారు. మీ కోడ్ మొదటావిడ కోసం చూసింది: చీర ఉంది. రెండోావిడ కోసం చూసింది: చీర ఉంది. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంది. ఇద్దరికీ "ఆర్డర్ కన్‌ఫర్మ్" మెసేజ్ వెళ్ళింది. చీర మాత్రం ఒక్కటే.

ఒకరికి రీఫండ్ ఇస్తారు, సరే. పెళ్ళికని కొనుక్కున్నావిడకి ఏం చెప్తారు? పోయేది మీ యాప్ పేరు కాదండి, ఆ నేతగాడి పేరు.

డేటాబేస్ దగ్గర దీనికి మందు ఉంది

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, వీటిల్లో "సెలెక్ట్ ఫర్ అప్‌డేట్" అని ఒకటి ఉంది. అర్థం ఏంటంటే: "ఈ వరుస చదువుతున్నాను, ఇప్పుడే మారుస్తాను కూడా. నా ట్రాన్సాక్షన్ అయ్యేదాకా ఇలాగే తాళం వేసి అడిగే ఇంకెవరికీ ఇవ్వకు." రెండో రిక్వెస్ట్ కూడా అలాగే అడిగితే గుమ్మం దగ్గర ఆగుతుంది. మొదటిది పూర్తయ్యాక లోపలికి వస్తుంది. చూస్తే చీర అమ్ముడైపోయి ఉంటుంది. "సారీ అండి, ఇప్పుడే వెళ్ళిపోయింది" అంటుంది. డబ్బు తీసుకోకముందే.

జాంగోలో ఈ సౌకర్యం 2012లో వచ్చిన 1.4 వెర్షన్ నుంచి ఉంది. ఒక చిన్న ఫంక్షన్ పిలిస్తే చాలు. ఇక్కడిదాకా బానే ఉంది. మరి కింద ఉన్న డేటాబేస్‌కి ఆ తాళమే లేకపోతే?

ఎస్‌క్యూలైట్ తీసుకోండి. మీ ఫోన్లో చాలా యాప్‌లు దాన్నే వాడతాయి. దాంట్లో వరుసకి తాళం వేయడం అనేది లేదు. రాసేటప్పుడు మొత్తం ఫైల్‌కి ఒక్కరే రాయాలి, అంతే. అక్కడ జాంగో ఏం చేస్తుందంటే, మీరు ఫర్ అప్‌డేట్ అడిగినా ఆ ముక్క వదిలేసి మామూలు సెలెక్ట్ పంపిస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీ కూడా ఎస్‌క్యూలైట్ దగ్గర అంతే, ఆ చోట ఖాళీ పెట్టి వెళ్ళిపోతుంది.

లోపల రెండు ప్రశ్నలు

జాంగోలో ప్రతి డేటాబేస్‌కీ ఒక బ్యాకెండ్ ఉంటుంది. దాంట్లో మనకి ముఖ్యమైనవి రెండు క్లాసులు.

మొదటిది ఫీచర్స్. ఇది "ఉందా, లేదా?" అనే ప్రశ్నలకి జవాబుల పట్టిక. వరుస తాళం ఉందా? ఆగకుండా వెంటనే ఎర్రర్ ఇచ్చే నోవెయిట్ ఉందా? తాళం ఉన్న వరుసలు దాటేసి వెళ్ళే స్కిప్ లాక్డ్ ఉందా? అన్నీ అవును, కాదు.

రెండోది ఆపరేషన్స్. "ఉంటే, దాన్ని ఈ డేటాబేస్ భాషలో ఎలా రాయాలి?" అనేది ఇక్కడ ఉంటుంది.

ఇంకో మంచి పద్ధతి కూడా ఉంది. ఏదైనా ఒక ఫంక్షన్‌కి ఒక డేటాబేస్‌లో మాత్రమే వేరే రూపం కావాలంటే, ఆ డేటాబేస్ పేరుతో ఒక మెథడ్ రాస్తారు. ఉదాహరణకి గ్రేటెస్ట్. ఇచ్చిన విలువల్లో పెద్దది ఇవ్వాలి. ఎస్‌క్యూలైట్‌లో ఆ పేరుతో ఫంక్షన్ లేదు, మ్యాక్స్ వాడాలి. కాబట్టి జాంగోలో గ్రేటెస్ట్‌కి ఎస్‌క్యూలైట్ మెథడ్ ఒకటి విడిగా ఉంటుంది.

అయితే ఇక్కడే ఇంకో తిరకాసు. విలువల్లో ఒకటి నల్ అయితే? పోస్ట్‌గ్రెస్ దాన్ని వదిలేసి మిగతావాటిలో పెద్దది ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ మొత్తం జవాబే నల్ ఇస్తాయి. అంటే ఎస్‌క్యూఎల్ అక్షరాలు సరిచేస్తే సపోర్ట్ అయిపోయినట్టు కాదు. అర్థం కూడా కలవాలి. కలవకపోతే కనీసం డాక్యుమెంటేషన్‌లో రాయాలి. జాంగో వాళ్ళు రాశారు.

కొత్త బ్యాకెండ్ రాసేటప్పుడు అసలు ప్రమాదం

మీరు ఒక కొత్త డేటాబేస్‌కి జాంగో బ్యాకెండ్ రాస్తున్నారనుకోండి. బేస్ క్లాస్‌లో వరుస తాళం ఫ్లాగ్ డిఫాల్ట్‌గా "లేదు" అని ఉంటుంది. మీ డేటాబేస్‌లో తాళం నిజంగా ఉంది, మీరు ఆ ఫ్లాగ్ మార్చడం మర్చిపోయారు. ఏమవుతుంది? ఏమీ అవదు! యాప్ నడుస్తుంది, ఎర్రర్ రాదు, మీరొక్కరే క్లిక్ చేసి చూస్తే అన్నీ కరెక్ట్. పండగ సేల్ రోజు ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు ఒకే చీర రెండుసార్లు అమ్ముడవుతుంది.

అందుకే ఫీచర్ లేనప్పుడు ఏం చేయాలన్నది సపోర్ట్ రాసేవాళ్ళు కావాలని తీసుకోవాల్సిన నిర్ణయం. దారులు మూడే: మౌనంగా వదిలేయడం, వేరే రకంగా అదే ఫలితం తెప్పించడం, లేదా "ఇది నా దగ్గర లేదు" అని ఎర్రర్ ఇవ్వడం. జాంగోలో వీటికి ఉదాహరణలు దొరుకుతాయి. ఎస్‌క్యూలైట్‌లో తాళం ముక్క వదిలేస్తుంది. గ్రేటెస్ట్‌ని మ్యాక్స్‌తో నడిపిస్తుంది. తాళం ఉండి, నోవెయిట్ గానీ స్కిప్ లాక్డ్ గానీ లేని డేటాబేస్ అయితే నాట్ సపోర్టెడ్ ఎర్రర్ ఇస్తుంది.

నేను పెట్టుకున్న కొలత ఇది: వదిలేస్తే స్పీడ్ మాత్రమే తగ్గుతుందా, వదిలేయండి. వదిలేస్తే జవాబు తప్పవుతుందా, ఎర్రర్ ఇవ్వండి. డబ్బు, స్టాక్, సీట్ల దగ్గర మౌనం పనికిరాదు.

పేరు ఒకటే, మనుషులు వేరు

వెర్షన్లు కూడా చూసుకోవాలి. స్కిప్ లాక్డ్ పోస్ట్‌గ్రెస్‌కి 9.5లో వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌కి 8.0లో, మరియాడీబీకి 10.6లో. జాంగో ఈ చివరి రెండిటినీ ఒకే మైఎస్‌క్యూఎల్ బ్యాకెండ్‌తో నడుపుతుంది. కాబట్టి కొన్ని ఫ్లాగులని కనెక్ట్ అయ్యాక, అవతల ఉన్నది ఎవరో, ఏ వెర్షనో అడిగి తెలుసుకున్నాకే పెడుతుంది.

కాక్రోచ్‌డీబీకి ఉన్న జాంగో బ్యాకెండ్ చూడండి. మొదటినుంచీ రాయకుండా పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్‌ని ఇన్‌హెరిట్ చేసుకుని, తేడా ఉన్నచోట్లే మార్చుకుంది. మంచి దారే. కానీ పోలిక ఉందని అన్నీ ఒకటే అనుకోకూడదు. కాక్రోచ్‌డీబీ డిఫాల్ట్‌గా సీరియలైజబుల్ ఐసోలేషన్‌లో నడుస్తుంది. రెండు ట్రాన్సాక్షన్లు ఢీకొంటే ఒకదాన్ని "మళ్ళీ ప్రయత్నించు" అని వెనక్కి పంపొచ్చు. ఆ రీట్రై మీ యాప్ రాసుకోవాలి.

టెస్ట్ ఎలా?

నిజమైన డేటాబేస్ మీద, రెండు కనెక్షన్లతో. మొదటిది తాళం వేయాలి, రెండోది అడగాలి, అది నిజంగా ఆగిందో లేదో చూడాలి. ఒక్క కనెక్షన్‌తో చేసిన టెస్ట్ ఈ విషయంలో ఏమీ నిరూపించదు. లాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టి "టెస్టులు పాస్ అయ్యాయి" అనుకోవడం కూడా అంతే. ఫీచర్ లేని డేటాబేస్‌లో టెస్ట్‌ని దాటేయడానికి జాంగోలో ఫ్లాగ్ చూసి పనిచేసే డెకరేటర్ ఉంది. కానీ గుర్తుందిగా, ఫ్లాగే తప్పుగా ఉంటే టెస్ట్ కూడా నిశ్శబ్దంగా స్కిప్ అవుతుంది. పాస్ ఎన్ని అన్నదే కాదు, స్కిప్ ఎన్ని అన్నది కూడా చదవండి.

అసలు అవసరమా?

సపోర్ట్ రాసే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. మన చీర కేసులో తాళం లేకుండానే ఒక దారి ఉంది. "ఈ చీర ఇంకా అమ్ముడవకపోతేనే, అమ్ముడైందని మార్చు" అని కండిషన్‌తో ఒక్క అప్‌డేట్ పంపండి. ఎన్ని వరుసలు మారాయో చూడండి. ఒకటి అయితే చీర మీది, పేమెంట్‌కి వెళ్ళండి. సున్నా అయితే మీకంటే ముందు ఎవరో కొన్నారు. ఇది ఎస్‌క్యూలైట్ నుంచి ఒరాకిల్ దాకా అన్నిచోట్లా పనిచేస్తుంది. చదవడానికీ రాయడానికీ మధ్యలో నాలుగైదు నిర్ణయాలు ఉన్నప్పుడే తాళం కావాలి.

ఒక డేటాబేస్ కోసం చేసిన పని తర్వాత అందరిదీ కావచ్చు కూడా. జాంగోలో జేసన్ ఫీల్డ్ 2015లో, 1.9లో, పోస్ట్‌గ్రెస్‌కి మాత్రమే వచ్చింది. 2020లో వచ్చిన 3.1లో జాంగో స్వయంగా సపోర్ట్ చేసే డేటాబేస్‌లన్నిటికీ అందింది. ముందు ఒకచోట సరిగ్గా చేశారు, తర్వాత అందరికీ పంచారు.

ఈ వారం మీకో చిన్న పని. ఫోన్లోనే గిట్‌హబ్ తెరిచి, జాంగో కోడ్‌లో బ్యాకెండ్స్ ఫోల్డర్, దాంట్లో బేస్, దాంట్లో ఫీచర్స్ ఫైల్ చదవండి. తర్వాత పోస్ట్‌గ్రెస్‌దీ ఎస్‌క్యూలైట్‌దీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక డేటాబేస్‌కీ ఇంకోదానికీ తేడా ఏంటో ఆ అవును-కాదుల్లోనే సగం తెలిసిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో ట్రాన్సాక్షన్ ఐసోలేషన్ గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి, బై.