పగటి వెలుగు, బోరుబావి, గ్రిడ్డు

జనగామ ప్రాంతపు వరిమడికిని, మహబూబాబాదు ప్రాంతపు మిరపతోటకును తడి పెట్టవలసినప్పుడు, దేవాదుల ఎత్తిపోతల నీరందని చోట్ల రైతునకు బోరుబావియే దిక్కు. బోరుకు కరెంటే ప్రాణము. ఆ కరెంటును గ్రిడ్డునకు సమకూర్చు కేంద్రములలో నొకటి భూపాలపల్లి చెంత చెల్పూరున నున్న కాకతీయ తాపవిద్యుత్కేంద్రము. అందు 500 మెగావాట్ల యంత్రమొకటియు, 600 మెగావాట్లదొకటియు, సింగరేణి బొగ్గుచే పుట్టిన ఆవిరితో నిమిషమునకు 3000 మారులు తిరుగుచుండును.

ఆ తిరుగుటలో విద్యుత్తే గాక మరియొక మేలును కలదు. గ్రిడ్డులో ఉత్పత్తియు వాడుకయు క్షణక్షణము సరితూగవలెను. తూగినంతవరకు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జుల చెంత నిలుచును, ఉత్పత్తి చాలనిచో పడిపోవును. ఒక కేంద్రము హఠాత్తుగ ఆగినపుడు, కుమ్మరి కర్ర తీసిన పిదపను సారె తిరుగునట్లు, మిగిలినచోట్ల తిరుగుచున్న టన్నులకొలది ఇనుము తన వేగమునందలి శక్తిని ధారవోసి ఆ పతనమును మందగింపజేయును. ఆలోపల తక్కిన యంత్రములు పుంజుకొనును. సౌరఫలకమునకు తిరుగు చక్రము లేదు గావున, ప్రత్యేకమైన యేర్పాటున్ననే తప్ప అది ఈ యూతము నీయజాలదు.

గ్రిడ్డు కూలుట యననేమో మన దేశము 2012 జూలై 30, 31 తేదీలలో చూచినది. రెండవనాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కుప్పకూలి, సుమారు 60 కోట్లమంది నివసించు ప్రాంతమున కరెంటు పోయెను. అది సౌరవిద్యుత్తు తెచ్చిన ఆపద కాదు. మోయలేని భారము పడిన లైన్లు ఒకదాని వెంట నొకటి ట్రిప్పగుటచే వచ్చినది. దక్షిణాది గ్రిడ్డు అప్పటికి వేరుగ నుండుటచే మనకు తప్పినది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల లైనుతో అంతయు నొకటైనది మొదలు, చెల్పూరు చక్రమును, హిమాలయపు జలవిద్యుత్ చక్రమును ఒకే లయలో కట్టువడి యున్నవి.

ఐనను మన పల్లెలలో గ్రిడ్డును పరీక్షించునది ఫలకములకంటె మోటార్లే యని నా నమ్మకము. మోటారు లేచునపుడు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటును లాగును. పోయిన సరఫరా వచ్చిన క్షణమున ఆటో స్టార్టర్లున్న బోర్లన్నియు ఒక్కుమ్మడి లేచినచో ఓల్టేజి కుంగును, ట్రాన్స్‌ఫార్మరు కాలును. 2018 జనవరి 1న తెలంగాణమున సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలిడిన కాలమున, ఆ స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది. పాముకాటునకును షాకునకును జడియుచు అర్ధరాత్రి కరెంటుకై పొలమున కేగిన దినములను ఈ ప్రాంతపు రైతు మరువలేదు. మధ్యాహ్నము సూర్యుడు దండిగ నిచ్చుదానిని ఫీడరు ఫీడరునకు వంతులేర్పరచి బోర్లకే మరల్చినచో, రైతునకు రాత్రి నిద్రయు దక్కును, గ్రిడ్డు మీది బరువును తగ్గును.

చిక్కంతయు ప్రొద్దు గ్రుంకిన పిదపనే. ఫలకములు విరమించు వేళకే ఇంటింట దీపములు వెలుగును. పగలు తగ్గి నడచిన బొగ్గు యంత్రము అపుడు వడిగ పైకి రావలెను. ఈ ఎగుడుదిగుడులకు బాయిలరు గొట్టములు త్వరగ శిథిలమగును. కావుననే శ్రీశైలము ఎడమగట్టున భూగర్భమందు నెలకొల్పిన 150 మెగావాట్ల యంత్రములారింటి విలువ నేడు హెచ్చినది. అవి పగటి మిగులు విద్యుత్తుతో దిగువ నీటిని జలాశయమున కెక్కించి, సాయంకాలమున దానినే దింపి కరెంటు చేయగలవి. దిగువను నాగార్జునసాగరమున నీరు చాలినంత నిలిచియున్ననే ఆ యెక్కింపు సాగును గావున, సాగరమున నిలువయున్న నీటి లెక్క ఇకమీదట ఆయకట్టు రైతునకే గాక, జనగామ బోరు రైతునకును పట్టవలసినదే.