‘ఇప్పుడేం చెయ్యాల్సిన పని లేదు’ అంటే జబ్బు లేదని కాదు

కొల్లాపూర్ దగ్గరి ఒక ఊళ్లో, మాదిగ వాడలో, ఒక అత్త తన కాగితాల కవర్ నా ముందు గుమ్మరించింది. రేషన్ కార్డు, ఆధార్, షుగర్ గోలీల చీటీలు. వాటి నడుమ నాలుగు మడతల కాగితం ఒకటి. కొడుకు బిల్డింగ్ పనికి పోయిన పట్నంలో, అతని దగ్గర ఉన్నప్పుడు ఏదో ఆస్పత్రిలో చూపించుకుంటే ఇచ్చిన చీటీ అది. రెండు కండ్లకూ ‘మైల్డ్ ఎన్‌పీడీఆర్’ అని, ఏడాదికి మళ్లీ రావాలని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ తేదీ దాటి రెండేండ్లయింది.

“డాక్టర్ ఏమన్నడు అత్తా?”

“ఇప్పుడేం చెయ్యాల్సిన పని లేదన్నడు బిడ్డా. మొన్న ఊర్ల కండ్ల క్యాంపు పెట్టిండ్రు. ఆ అక్షరం కొమ్ములు ఎటున్నయంటే అటు చెయ్యి సూపిచ్చిన. ఒక్కటి గూడ తప్పు పోలే. నా కండ్లు మంచిగనే ఉన్నయి.”

ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు. డాక్టర్ చెప్పింది కూడా వైద్యం ప్రకారం సరైనదే. ఆ రెండు నిజాల మధ్య ఒక జబ్బు రెండేండ్లుగా ఎవరూ చూడకుండా ఉండిపోయింది. షుగర్ వల్ల కంటికి వచ్చే జబ్బు, అంటే డయాబెటిక్ రెటినోపతి, తొలి దశలో ఎట్లా ఉంటుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

కన్ను లోపల, వెనక గోడకు అంటుకొని, పలుచటి పొర ఒకటి ఉంటుంది. అదే రెటీనా. వెలుతురును పట్టి మెదడుకు పంపేది అదే. దానికి నెత్తురు అందించే నాళాలు వెంట్రుక కంటే సన్నవి. నెత్తురులో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు నీరసపడతాయి. పాత సైకిల్ ట్యూబు బలం తగ్గిన చోట బుడగలా ఉబ్బుతుంది చూడండి, అట్లా అక్కడక్కడ చిన్న చిన్న ఉబ్బులు వస్తాయి. డాక్టర్‌కు అవి ఎర్రటి చుక్కల్లా కనపడతాయి. ఆ దశ పేరే ‘మైల్డ్’. తర్వాత నెత్తురు చుక్కలు, కొవ్వు మరకలు చేరతాయి. ఇంకా ముదిరితే కొన్ని నాళాలు మూసుకుపోయి, ఆకలిగొన్న రెటీనా కొత్త నాళాలను పుట్టిస్తుంది. అవి గట్టివి కావు. ఎప్పుడైనా పగులుతాయి, కంట్లో నెత్తురు నిండుతుంది. ఇదంతా ఒక దారి. ఇంకో దారిలో, రెటీనా నడిమధ్య ఉండే మాక్యులా దగ్గర నీరు చేరి వాచిపోతుంది. సూదిలో దారం ఎక్కించే చూపు, మనిషి ముఖం గుర్తుపట్టే చూపు, పత్తి కాయలో దూది ఎక్కడుందో చూసే చూపు ఆ మాక్యులాదే. వాపు ఏ దశలోనైనా రావచ్చు.

తొలి దశలో నొప్పి లేదు, ఎరుపు లేదు, మసక లేదు. మాక్యులా బాగున్నంత కాలం గోడ మీది అక్షరాలన్నీ కనపడతాయి. కాబట్టి అక్షరాల పరీక్షలో నెగ్గడం అనేది ఈ జబ్బు విషయంలో ఏమీ చెప్పదు. ఆశా కార్యకర్త 30 ఏండ్లు దాటినవాళ్లకు నింపే పత్రంలో చూపు మసకగా ఉందా అన్న ప్రశ్న ఉంది. మంచిదే, కానీ ‘లేదు’ అని జవాబిచ్చే వాళ్లలోనే ఈ జబ్బు తొలి దశ దాక్కొని ఉంటుంది.

కంటి వెలుగు గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2018 ఆగస్టు 15న మొదటి విడత, 2023 జనవరిలో రెండో విడత మొదలయ్యాయి. దగ్గరి చూపు అద్దాలు లేక బియ్యంలో రాళ్లు ఏరలేని ముసలమ్మలకు ఇంటి ముందుకే అద్దాలు వచ్చాయి. దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఆ కార్యక్రమం ప్రధానంగా చూపును కొలిచి అద్దాలిచ్చేది, శుక్లాల వంటివి గుర్తించి పంపేది. రెటీనాను చూడాలంటే కంట్లో చుక్కలు వేసి పాపను పెద్దది చేసి చూడాలి, లేదా ప్రత్యేక కెమెరాతో ఫోటో తీయాలి. ‘కంటి పరీక్ష అయింది’ అన్న మాటకు మన వాడల్లో ఒకటే అర్థం ఉంది. నిజానికి అవి రెండు వేర్వేరు పరీక్షలు.

దేశమంతా ఇదే పరిస్థితి. 2015–19 మధ్య 50 ఏండ్లు పైబడిన వాళ్ల మీద కేంద్ర ప్రభుత్వం చేయించిన జాతీయ సర్వేలో 11.8 శాతం మందికి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో 16.9 శాతం మందికి రెటినోపతి ఉంది. అప్పటికే షుగర్ ఉందని తెలిసినవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఈ జబ్బు కోసం కంటి పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోలేదు.

డబ్బున్నోళ్ల జబ్బేనా?

షుగర్ అంటే కూర్చొని తినేవాళ్లకు వచ్చేదని ఇప్పటికీ మన కార్యకర్తల్లో కూడా ఒక నమ్మకం. ఎండలో పొద్దంతా ఒళ్లు వంచే కూలీకి ఎట్లా వస్తుందని అడుగుతారు. దీనికి జవాబు దూరంలో లేదు. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం అందింది, 14 ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో వచ్చాయి. అదనపు తిండి అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడం తక్కువగా ఉంది. అంటే తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలిని ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది. ఎవరి తల్లులు ఆకలితో నాట్లు వేశారో ఈ పాఠకులకు వివరించాల్సిన పని లేదు.

దాని మీద తిండి మారింది. పాలమూరు ఇండ్లల్లో జొన్న రొట్టె ఉండేది. రెండు రూపాయల కిలో బియ్యం నుంచి 2025 ఉగాదికి వచ్చిన సన్నబియ్యం దాకా, పేదింటికి ప్రభుత్వం ఇచ్చిన భరోసా ప్రధానంగా బియ్యమే. పూటకు పెద్ద కంచం అన్నం, పలుచటి చారు, పచ్చడి. ‘అన్నం తగ్గించు, కూరగాయలు, పప్పు, గుడ్డు పెంచు’ అని చీటీ మీద రాయడం తేలిక. మనిషికి ఆరు కిలోల చొప్పున బియ్యం ఇంటికి వస్తాయి, పప్పు కొనుక్కోవాలి. (జొన్న రొట్టె తింటే షుగర్ పోతుందనేది కూడా నమ్మొద్దు. నాలుగు రొట్టెలు తింటే అదీ పిండి పదార్థమే.)

వలస సంగతి వేరే చెప్పాలి. శ్రీశైలం ముంపులో భూములు పోయిన ప్రాంతం ఇది. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రి వెంట ఎనిమిది నెలలు బయట ఉండే మనిషికి ‘ఏడాదికి రివ్యూ’ అంటే ఎక్కడ, ఎవరి దగ్గర? గోలీలు ఊరి ఆస్పత్రిలో, మనిషి ఇంకో రాష్ట్రంలో.

తొలి దశలో చేయగలిగేది

ఈ దశలో లేజర్ అక్కర్లేదు. మాక్యులా వాపు లేకపోతే ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. తొలి చుక్కలకే సూది వేయించుకోవాలని ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టర్‌ను అడగండి. కంట్లో తేనె, ఆకు పసరు, ‘నరాల చుక్కలు’ వంటివేవీ రెటీనాను బాగుచేయవు. డాక్టర్ ‘ఏం చెయ్యాల్సిన పని లేదు’ అన్నది కంటికి. చేయాల్సిన పని ఒంట్లో ఉంది.

మొదటిది షుగర్. వేలు గుచ్చి చూసే పరీక్ష ఆ పూటది మాత్రమే చెబుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడగాలి. ఎక్కువమందికి ఏడు దగ్గర ఉండటం లక్ష్యం. వయసు, ఇతర జబ్బులను బట్టి డాక్టర్ మారుస్తారు. రెండోది బీపీ. దీన్ని మనవాళ్లు అసలు కంటితో ముడిపెట్టరు. 1998లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, షుగర్ ఉన్నవాళ్లలో బీపీని గట్టిగా అదుపు చేస్తే రెటినోపతి ముదరడం మూడోవంతు తగ్గింది. చూపు దిగజారే ముప్పు 47 శాతం తగ్గింది. బీపీ గోలీ చవక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. కండ్లు కాపాడే మందుల్లో అదీ ఒకటని వాడలో ఎవరూ చెప్పలేదు, అంతే.

రక్తహీనత ఉంటే రెటీనాకు అందే ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15–49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. షుగర్ ఉన్న ఆడమనిషికి హిమోగ్లోబిన్ చూడటం కంటి సంరక్షణే. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా ఏడాదికోసారి చేయించాలి. కంటి నాళాలూ కిడ్నీ నాళాలూ కలిసే దెబ్బతింటుంటాయి.

ఇక ఒంటి నొప్పుల సూది. పొద్దంతా మూటలు మోసి సాయంత్రం ఆర్ఎంపీ దగ్గరికి పోతే ఒక్క సూదికి తేలికైపోతుంది. చాలాసార్లు దాంట్లో స్టెరాయిడ్ ఉంటుంది. అది షుగర్‌ను అమాంతం పెంచుతుంది. గోలీలు సక్కగా వేసుకుంటున్నా షుగర్ దిగట్లేదంటే ముందు ఈ ప్రశ్న అడగండి.

ఏండ్ల తరబడి ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఇన్సులిన్‌తో ఒక్కసారిగా దించితే కొందరికి తొలి నెలల్లో రెటినోపతి కొంచెం పెరగొచ్చు. ‘ఇన్సులిన్ కండ్లు తీసింది’ అన్న పుకారు కొంత ఇక్కడి నుంచే పుట్టింది. ఆపేయడం దీనికి విరుగుడు కాదు. మొదలుపెట్టేముందు, మొదలుపెట్టిన కొన్ని నెలలకు కండ్లు చూపించుకోవాలి. ఏండ్ల లెక్కన చూస్తే అదుపు ఎప్పుడూ లాభమే. అట్లాగే ముందు నుంచే షుగర్ ఉన్న ఆడపిల్ల గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే రెటీనా చూపించాలి.

కొత్త మాట ఒకటుంది. ఫెనోఫైబ్రేట్ అనే పాత కొవ్వు గోలీ తొలి దశ రెటినోపతి ముదరకుండా ఆపుతుందా అని స్కాట్లాండ్‌లో పరీక్షించారు. 2024లో వచ్చిన ఫలితంలో ముప్పు 27 శాతం తగ్గింది. ఇది డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న. కిడ్నీలు చూడకుండా మెడికల్ షాపులో కొని మింగేది కాదు.

ఇంట్లో చేసుకునే చిన్న పని: వారానికోసారి ఒక కన్ను మూసి, రెండో కంటితో తలుపు చౌకట్టును గానీ క్యాలెండర్ గళ్లను గానీ చూడండి. తర్వాత రెండోది. గీతలు వంకరగా, నడుమ మరకగా కనపడితే వాపు అనుమానించాలి. ఉన్నట్టుండి నల్లటి దారాలు ఈదినట్టు, తెర జారినట్టు అనిపిస్తే ఆ రోజే పోవాలి. ఇది పరీక్షకు బదులు కాదు.

పరీక్ష రోజు ఎట్లా ఉంటుందో ముందే చెబితే సగం మంది భయపడరు. చుక్కలు వేశాక పాప పెద్దదవుతుంది. నాలుగైదు గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ చూడలేం. బండి నడపకూడదు, ఆ రోజు పనికి పోలేరు. తోడు మనిషి కావాలి. అంటే రెండు కూళ్లు పోతాయి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆ మేరకు నయం. కానీ కూలి ఎవరిస్తారు? నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ కేంద్రం ఉంది. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది, కొల్లాపూర్ నుంచి సుమారు 170 కిలోమీటర్లు. ఎల్వీ ప్రసాద్ సంస్థ 1996–2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించిన పెద్ద కంటి సర్వేలో మన మహబూబ్‌నగర్ పల్లెలు కూడా ఉన్నాయి. ఆ లెక్కకు పాతికేండ్లు దాటింది.

అందుకే ఇది హక్కుల ఎజెండాలోకి రావాలంటున్నాను. కెమెరా కదిలితే మనిషి కదలాల్సిన పని లేదు. కేరళ ప్రభుత్వం 2018లో ‘నయనామృతం’ పేరుతో కుటుంబ ఆరోగ్య కేంద్రాల్లోనే రెటీనా ఫోటోలు తీసి, దూరాన ఉన్న కంటి డాక్టర్లకు పంపడం మొదలుపెట్టింది. ఫోటో తీయడానికి డాక్టర్ అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు చాలు. నాగర్‌కర్నూల్‌కు 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, చూసే కండ్లు జిల్లాలోనే దొరకాలి.

విద్యార్థులు చేయగలిగే పని ఒకటి. సమాచార హక్కు కింద మీ మండల ఆరోగ్య కేంద్రాన్ని మూడు ప్రశ్నలు అడగండి: షుగర్ ఉన్నట్టు నమోదైనవాళ్లు ఎంతమంది, గత ఏడాదిలో వాళ్లలో ఎంతమందికి రెటీనా పరీక్ష జరిగింది, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది. మూడో ప్రశ్నకు లెక్కే లేదని రాస్తే ఆ జవాబును దాచిపెట్టండి. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద వాడకు వచ్చే కెమెరా అడిగేటప్పుడు అది పనికొస్తుంది. 2006లో పుస్తకంగా వచ్చిన పదకొండు రాష్ట్రాల అంటరానితనం అధ్యయనంలో, సర్వే చేసిన ఊళ్లలో దాదాపు మూడోవంతు చోట్ల ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇండ్లకు రావడానికి నిరాకరించారు. వాడ దాకా ఎవరు వస్తారు, గడప దగ్గరే ఆగి రాసుకొని పోతారా అన్నది ఈ జబ్బులోనూ ప్రశ్నే. ఆస్పత్రిలోకి రానీయకపోతే 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం అది నేరం.

అత్తకు ఆ చీటీ తెలుగులో చదివి చెప్పాను. ఎర్రటి చుక్కలు, సైకిల్ ట్యూబు, ఏడాది గడువు. కాసేపు ఏమీ అనలేదు. “అట్లనైతే గా మాట అప్పుడే సరిగ్గ చెప్పొద్దా?” అంది. తర్వాత వేళ్ల మీద లెక్క వేసుకుంది. మామిడి తెంపుడు ఇంకా పదిహేను దినాలుంది, ఆ తర్వాత బేస్తారం పోదామంది. తోడుకు కోడలు వస్తుందట, కోడలికి ఆ రోజు కూలి ఎట్లా అనేది ఇంకా తేలలేదు.