గొర్రెపిల్లల తెల్లకండర వ్యాధి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో వాన నమ్మరానిది. కావుననే మెట్టరైతునకు గొర్రెల మంద గొప్ప ఆదరువు. వేసవిలో బీళ్లు ఎండి, మందలు ఎండుమేతతోనే కాలము గడపవలసివచ్చును. అట్టి దినములలో చూడిగొర్రెలు గల రైతులు తెల్లకండర వ్యాధిని గూర్చి తెలిసికొనవలెను.

కొద్ది వారముల నుండి కొద్ది నెలల వయసు పిల్లలకు ఇది వచ్చును. పిల్ల బిగుసుకొనిన కాళ్లతో నడచును, నడుము గూనిగా పెట్టును, తుదకు లేవలేదు. గుండె కండరము చెడినచో, మంద వెంట పరుగెత్తిన పిల్ల ఉన్నట్టుండి పడి చచ్చును. చాలమంది దీనిని చిటుకరోగమని పొరబడుదురు. శవపరీక్షలో కండరములపై సున్నము పూసినట్లు తెల్లని చారలు కనిపించును.

కారణమేమి? కండరమునకు కావలసిన శక్తి కణములలోని మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో పుట్టును. పొయ్యి మండునపుడు నిప్పురవ్వలు ఎగిరినట్లు, ఆ పనిలో హానికర పదార్థములును పుట్టును. వీనిని అణచునవి ఇ-విటమిను, సెలీనియము అను ఖనిజము. ఇవి కొరవడినచో మైటోకాండ్రియా చెడి, కండరము నశించును. చూడిగొర్రెల మేతలో సెలీనియము చేర్చి పిల్లలకు ఈ వ్యాధి రాకుండ చేయవచ్చునని 1958లో అమెరికాలోని ఒరెగాన్ శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

ఇ-విటమిను పచ్చిమేతలో పుష్కలముగా నుండును. ఎండి నిలువయున్న మేతలో తరిగిపోవును. కావున మీరు చేయవలసినవి ఇవి:

1. ఈనుటకు ముందు రెండు నెలలు చూడిగొర్రెకు ప్రతిదినము కొంత పచ్చిమేత పెట్టుడు. బావిచెంత, గట్లపైన అవిశ, సుబాబుల్ పెంచుడు. సుబాబుల్ మొత్తము మేతలో మూడవ వంతు మించరాదు.

2. పుట్టిన పిల్లకు వెంటనే జున్నుపాలు త్రాగించుడు. తల్లి నుండి ఇ-విటమిను పిల్లకు ముఖ్యముగా ఈ పాల ద్వారానే చేరును.

3. బిగుసుకొని నడచు పిల్లను మంద వెంట తోలక, నీడపట్టున నుంచి పశువైద్యునికి చూపుడు.

4. పిల్ల చచ్చినచో పూడ్చుటకు ముందే శవపరీక్ష చేయించుడు.

ఒక హెచ్చరిక. గొర్రె మేతలో కిలోకు 0.1 నుండి 0.3 మిల్లీగ్రాము సెలీనియము చాలును. మితిమీరినచో అదియే విషము. మందుల అంగడిలో సూదిమందు కొని మీరే పొడుచుట ప్రమాదకరము. పిల్ల బరువునుబట్టి మోతాదు నిర్ణయించువాడు పశువైద్యుడే. వ్యాధి తొలిదశలో ఆయన ఇచ్చు ఇ-విటమిను, సెలీనియము మందుతో అనేక పిల్లలు కోలుకొనును. గుండె చెడిన పిల్ల దక్కుట అరుదు. కావున మందుకంటె ముందు పచ్చిమేతను సమకూర్చుకొనుడు.