కృత్రిమ కీలులోని ప్లాస్టిక్ ముక్క

కీలు మార్పిడి ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు చాలామంది బంధువులు మమ్మల్ని పక్కకు పిలిచి, "సిస్టర్, లోపల ప్లాస్టిక్ కూడా పెడతారంట, అది ఎన్నాళ్లు ఆగుతుంది?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

మోకాలిలో తొడ ఎముకకు, కాలి ఎముకకు లోహపు భాగాలు అమర్చుతారు. వాటి మధ్య, అరిగిపోయిన మెత్తటి పొర స్థానంలో ఒక ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. తుంటిలోనైతే గుండ్రటి బంతి తిరిగే గిన్నె లోపలి పూత భాగం చాలావరకు అదే. దాని పేరు పాలీఇథిలీన్. పాల ప్యాకెట్టు కూడా ఆ జాతిదే. అయితే కీలుకు వాడే రకంలో అణువుల గొలుసులు ఎంతో పొడవుగా ఉంటాయి, అందుకే అంత గట్టిది.

ఇంగ్లండులో డాక్టర్ జాన్ చార్న్‌లీ మొదట తుంటి గిన్నెకు టెఫ్లాన్ వాడారు. మన నాన్‌స్టిక్ పెనాలకు పూసేదే. జారుడుగా ఉన్నా అది కొద్ది సంవత్సరాలకే అరిగిపోయి, రోగులకు మళ్లీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. కారణం తెలుసుకోవడానికి ఆయన ఆ పదార్థాన్ని, పాలీఇథిలీన్‌ను తన తొడలోనే పెట్టుకుని చూశారు! 1962 నుండి పాలీఇథిలీన్ వాడుకలోకి వచ్చింది.

అది కూడా అరుగుతుంది. ప్రతి అడుగుకూ కంటికి కనబడని పొడి రాలుతుంది. శరీరంలోని రక్షణ కణాలు ఆ పొడిని మింగుతాయి గాని అరిగించుకోలేవు. అప్పుడు మొదలయ్యే వాపువల్ల చుట్టుపక్కల ఎముక కరుగుతుంది, కీలు వదులవుతుంది. ఇదంతా చాలాకాలం నొప్పి లేకుండానే జరగవచ్చు.

పూర్వం ఈ ముక్కలను గాలి తగిలే ప్యాకెట్లలో గామా కిరణాలతో శుద్ధి చేసేవారు. ఆక్సిజన్ చేరి అవి పెళుసుబారేవి. 1990లలో ఆ పద్ధతి మార్చారు. తరువాత కిరణాలతో అణువుల గొలుసులను వలలాగా ఒకదానికొకటి ముడివేసిన రకం వచ్చింది. తుంటిలో దానివల్ల అరుగుదల బాగా తగ్గింది. మోకాలిలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. కనుక మోకాలికి మామూలు రకం పెట్టారని దిగులు పడకండి. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విదేశీ లెక్కల ప్రకారం, పూర్తి మోకాలి కీళ్లలో నూటికి 82, తుంటి కీళ్లలో 58, ఇరవై ఐదేళ్లు నిలిచాయి. అవి ఎక్కువగా పాత రకాలే.

మా వార్డుకు వచ్చిన ఒక పెద్దమ్మ తొమ్మిదేళ్లు చెకప్‌కు రాలేదు. "నొప్పి లేదుగా, ఊరికే చార్జీలు దండగ" అన్నారు వాళ్లబ్బాయి. కాలు వంకర తిరిగాక తీసుకువచ్చారు. అప్పటికి ఎముక బాగా తినేసింది, మొత్తం కీలు మార్చవలసి వచ్చింది. ముందే చూసి ఉంటే, కొన్ని రకాల కీళ్లలో ఆ ప్లాస్టిక్ దిమ్మ ఒక్కటే మార్చి సరిపెట్టవచ్చు.

ఎక్స్‌రేలో ప్లాస్టిక్ కనబడదు. రెండు లోహాల మధ్య ఖాళీలాగా కనబడేదే దాని మందం. ఆ ఖాళీ తగ్గుతోందా అని డాక్టరుగారు పాత ఫిల్ముతో పోల్చి చూస్తారు. అందుకే నొప్పి లేకపోయినా చెప్పిన తేదీకి తీసుకురండి, పాత ఫిల్ములు మడవకుండా తెండి. డిశ్చార్జి కాగితం మీద అంటించిన స్టిక్కర్లలో కీలు కంపెనీ, సైజు, నంబరు ఉంటాయి. వేరే ఆసుపత్రిలో చూపించినా ముందు అడిగేది అదే. దాన్ని రేషన్ కార్డుతోపాటు భద్రపరచండి.