చేయడం వచ్చేస్తే చదువు వచ్చినట్టేనా?

అపోహ: సామర్థ్య ఆధారిత బోధన (విద్యార్థి ఏం చేయగలడన్నదే కొలమానంగా నేర్పడం) అంటే యూనివర్సిటీని ఐటీఐగా మార్చడమే.

వాస్తవం: చేతిపనిలో ఆలోచన ఉండదనుకునేవాళ్లకే ఈ భయం. అనంతపురం జిల్లా రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌కు వెళ్లి చూడండి. బట్ట మడతలు ఒకదానిమీదొకటి పడి మందమైన చోటికి కుట్టు రాగానే పనితనమున్న మనిషి కాలు దానంతటదే మిషన్ వేగం తగ్గిస్తుంది. లేకుంటే సూది విరుగుతుంది. ముందు సూత్రం తలచుకుని ఆ తర్వాత కాలు కదిపింది కాదది. తెలివి ఆ చేయడంలోనే ఉంటుందని తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లో ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో వాదించాడు. కాబట్టి చేయడం నేర్పినంత మాత్రాన విశ్వవిద్యాలయం స్థాయి తగ్గిపోదు.

అపోహ: ఇది 2020 జాతీయ విద్యా విధానంతో వచ్చిన కొత్త మోజు.

వాస్తవం: అమెరికాలో ఉపాధ్యాయ శిక్షణలో 1960ల చివర్లోనే మొదలైంది. మన ఎంబీబీఎస్‌లోకి 2019లోనే వచ్చింది.

అపోహ: సామర్థ్యాల జాబితాలో టిక్కు పడితే సామర్థ్యం వచ్చినట్టే.

వాస్తవం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2020-21లో మన ఆంధ్రప్రదేశ్ డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో భాగంగా మొదటి ఏడాది అయ్యాక పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలని పెట్టింది. రాయదుర్గం పక్కనే గుమ్మఘట్ట వైపు ఒక పల్లెనే తీసుకోండి. ‘బోరు ఉందా?’ అన్న గడిలో ‘ఉంది’ అని రాస్తే ఫారం నిండుతుంది. ఎండిపోయిన బోరు కూడా ఆ లెక్కలో బోరే. అక్కడ ఆగి, “నీళ్లు పడుతున్నాయా పెద్దాయనా? బోరు వేయించిన అప్పు తీరిందా?” అని అడగాలని తోచాలి. ఏది ఎప్పుడు అడగాలో తెలిసిన ఈ వివేకాన్ని అరిస్టాటిల్ పనితనం నుంచి వేరుచేసి చెప్పాడు. ఏ జాబితాలోనూ దానికి గడి ఉండదు. నా దృష్టిలో యూనివర్సిటీ చదువుకు ప్రాణం అదే.

అపోహ: పని వస్తే సిద్ధాంతంతో అవసరం లేదు.

వాస్తవం: ఇదే జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ పొలాలమీద హగరి ఏటి ఇసుక మేటలు వేస్తోంది. దాన్ని ఆపడానికి గుంత తీసి మొక్క నాటడం ఒక్కరోజులో నేర్పవచ్చు. గాలి ఏ నెలల్లో ఎటు వీస్తుంది, ఏటి ఇసుక ఎందుకు లేస్తుంది, ఏ మొక్క వేళ్లు దాన్ని పట్టి నిలుపుతాయి అన్నవి తెలియకపోతే నాటిన వరుస మరుసటి సంవత్సరానికి ఇసుకలో కూరుకుపోతుంది. భౌతికశాస్త్రం, భూగోళం, వృక్షశాస్త్రం పొలంగట్టున కలిసేది అక్కడే.

ఇంకొక్క మాట. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని లాగ్‌బుక్ మీద సంతకం పెడితే వీటిలో ఏదీ బయటపడదు. అధ్యాపకుడు పిల్లలతో ఆ ఊరికి వెళ్లాలి, ఆ పొలంలో నిలబడి ‘ఇక్కడే ఎందుకు నాటావు?’ అని అడగాలి. అందుకు కావలసిన సమయం, బస్సు చార్జీ, సరిపడా పోస్టులు ప్రభుత్వం ఇవ్వాలి.